సముద్రానికి భయపడిన మనిషి

పాలెం, విడవలూరు మండలం
20-1-2025

కరుణాకుమారికి,

మీ వదిన మగ్దలీనమ్మ చెప్పి రాయిస్తున్నది. రాసేది మన చర్చి ఫేబీ. మొదట నాలుగు వరసలు వందనాలు రాస్తానన్నది. వద్దన్నాను. ఒక్క వందనం పెట్టు చాలు, ఆమె రిటైరైన టీచరమ్మ, మిగతావి ఆమే కలుపుకుంటుందిలే అన్నాను. ఫోన్ చేద్దామంటే నీకు చెవులు పోయినాయి. నీతో ఫోన్లో మాట్లాడితే ఊరంతా వింటుంది, నువ్వు తప్ప. అందుకే ఉత్తరం.

మొన్న శనివారం నెల్లూరు పోయినాము, స్త్రీల సమాజం మొత్తం, పదకొండు మంది రెండు ఆటోల్లో. ఆడ ఒక కల్యాణమండపంలో ట్రావెల్ ఎక్స్‌పో పెట్టినారు. ఎక్స్‌పో అంటే ఏందో అనుకునేవు, సంత. కూరగాయలకు బదులు ఊర్లు అమ్ముతారు. మా వాళ్ళకు జెరూసలేం పిచ్చి పట్టింది గదా, ధర కనుక్కుందామని పోయినాము.

లోపలికి పోతానే తలా ఒక గుడ్డసంచీ ఇచ్చినారు. అంతటితో సగం మందికి యాత్ర అయిపోయింది. ఒక చోట కాశ్మీరమని బోర్డు పెట్టి దూది పరిచినారు. ఆ దూదిలో నిలబడి మనోళ్ళు ఫోటోలు. జెరూసలేం టేబులు కాడ ఒకడు సీసా చూపించి యొర్దాను నది నీళ్ళన్నాడు. మూత తీసి వాసన చూసినాను. మన పెన్న కాలవ వాసనే. మైకులో ఒకాయన తక్కువ ఖర్చుతో తిరిగేదెట్టాగో గంటసేపు చెప్పినాడు. సీజను కానప్పుడు పోవాలంట. మూడు నెలల ముందే టికెట్టు తీసుకోవాలంట. గుంపుగా పోవాలంట. బయట తినకుండా పొడులూ ఊరగాయా ఎత్తుకుపోవాలంట. నేను లేచి అడిగినాను, "అయ్యా, యాడికీ పోకుండా ఇంట్లో పడుండేదాని కంటే తక్కువ ఖర్చు ఇంకేదన్నా ఉందా? అది నేను డెబ్బై నాలుగేళ్ళుగా చేస్తా ఉండా" అని. అందరూ నవ్వినారు. నేను నవ్వించడానికి అడగలేదు.

అసలు సంగతి ఇది. చివర్లో ఒక టేబులు వెనక గోడంత సముద్రం బొమ్మ. ఏ ఊరని ఫేబీని అడిగితే అండమాన్ అన్నది. నేను ఆడే నిలబడిపోయినాను. నా మొగుడు, మీ అన్న, పడవల వడ్రంగి పనికని పోయి ఆడనే మట్టయిన ఊరు. బొమ్మలోనైనా అప్పటిదాకా నేను చూసిందిలేదు. టేబులు కాడ కళ్ళజోడు కుర్రవాడు, సుశీల్ కుమార్ అంట, తెలుగువాళ్ళేనంట, తాతల కాలంలో పోయినారంట. సంగతి చెప్తే వాళ్ళ మేనమామకు ఫోన్ కలిపినాడు. ఆయన పేరు సమాధానం, పోర్ట్‌బ్లెయిర్లో తెలుగు చర్చి పెద్ద. ఫోన్ అందరికీ వినపడేట్టు పెట్టినాడు.

"వడ్రంగి జకరయ్య, నెల్లూరాయనా? ఎందుకు తెలీదు? ఆయన కిందే నేను ఉలి పట్టడం నేర్చుకున్నా. సమాధి మా చర్చి వెనకాలే ఉంది" అన్నాడాయన.

"నేనయ్యా, ఆయన పెళ్ళాన్ని" అన్నాను.

"ఎవరూ? సముద్రానికి భయపడి రానన్న ఆమెనా?"

కరుణా, ఆ మాట నేను ఒక్కదాన్నే విన్నానా? పదకొండు మంది విన్నారు. ఎందుకట్లా అంటావని గట్టిగా అడిగితే ఆయన చెప్పినాడు. ఆ రోజుల్లో కంపెనీవాళ్ళు పనోళ్ళ పెళ్ళాలకు ఓడ టికెట్టు ఊరకనే ఇచ్చేవాళ్ళంట. అందరూ తెచ్చుకున్నారంట. నీ ఇల్లాలేదయ్యా అని అడిగితే జకరయ్య, "మా ఆడమనిషికి సముద్రమంటే భయం" అని చిత్రిక పట్టుకుంటా ఉండేవాడంట.

నేను! అలల మోత వింటా పుట్టినదాన్ని. తుఫాను ముందర మగవాళ్ళు ఇళ్ళల్లో దూరితే మెడలోతు నీళ్ళలోకి దిగి పడవ తాడు లాగినదాన్ని. నాకు భయమా?

ఆయన రాసిన ప్రతి ఉత్తరమూ సాయంత్రం ప్రార్థన అయినాక నువ్వు చదివితేనే విన్నాము, నేనూ అత్తా చాప మీద కూర్చుని. నేను చెప్పిన జవాబులు నువ్వే రాసినావు. ఆ ఉత్తరాలు నీ దగ్గరే పెట్టెలో ఉండాయి. వాటిల్లో టికెట్టు మాట ఎక్కడన్నా ఉందా? ఆయన చెవిలో ఈ భయం మాట వేసిందెవరు? వెతికి రాయి.

నేను పోతా ఉండా. ఐదువేలు అడ్వాన్సు కట్టినాను, ఓడలో అందరూ పడుకునే అరుగుల తరగతికి. మనసు మారితే ఫిబ్రవరి పది లోపల చెప్తే వెనక్కిస్తారు, నాకు మారదు. నువ్వూ రా. ఆయనకు తోడబుట్టినదానివి. సమాధి దగ్గర ఇద్దరమూ నిలబడదాము.

చెప్పింది మగ్దలీనమ్మ. రాసింది ఫేబీ.


బుచ్చిరెడ్డిపాలెం
27-1-2025

పూజ్యురాలైన వదినకు,

కరుణాకుమారి ప్రేమపూర్వక వందనములు. దేవుని కృప వలన ఇక్కడ అందరం క్షేమం. చెవి మిషను మార్చినా ప్రయోజనం లేదు. మా అబ్బాయి బెన్హర్ గోదాము పనుల్లో తీరిక లేకుండా ఉన్నాడు, ఈ ఏడు ధాన్యం ధర బాగుంది. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?

నీ ఉత్తరం చదివాను. వదినా, నీ మేలు కోరి రాస్తున్నాను. ఈ వయసులో మూడు రోజుల ఓడ ప్రయాణం నీకు తగదు. ఇలాంటి ప్రదర్శనలలో ఆశపెట్టి డబ్బు కట్టించుకోవడమే పని. ఆ ఐదువేలు వెనక్కు తీసుకుని మోకాళ్ళు చూపించుకో. సమాజంవాళ్ళు జెరూసలేం పోయేటట్టయితే నీ ఖర్చు నేనే పెడతాను.

పాత ఉత్తరాల పెట్టెకు ఎప్పుడో చెదలు పట్టింది. ఏముందో నాకు జ్ఞాపకం లేదు. అప్పుడు నేను పదో తరగతి పిల్లను. టికెట్టు మాట ఉన్నట్టు తోచదు. అన్నయ్య అలా ఎందుకు చెప్పుకున్నాడో ఆయనకే తెలియాలి. దూరాన ఒంటరిగా ఉన్న మగవాళ్ళు నలుగురిలో తలెత్తుకోవడానికి ఏదో ఒకటి చెబుతారు. యాభై ఏళ్ళయింది. చనిపోయినవాళ్ళను తవ్వితే మనకే దుఃఖం. "వెనుక ఉన్నవి మరచి" అని వాక్యం చెబుతున్నది కదా.

నేను రాలేను. క్షమించు.

నీ ఆడబిడ్డ,
కరుణాకుమారి


పాలెం
1-2-2025

కరుణాకు,

నీ ఉత్తరం ఫేబీ రెండుసార్లు చదివింది. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమయింది. నువ్వు మర్యాద గలదానివి, అన్న మీద చాడీ రాయలేక చుట్టూ తిప్పి రాసినావు. నేను విప్పి చెప్తా, రాసుకో ఫేబీ.

ఆయనకు ఆడ ఇంకొకతె ఉండింది. అందుకే టికెట్టు మాట ఇంటికి రాయలేదు. అడిగినోళ్ళకు చెప్పడానికి ఒక సాకు కావాలి, నా నెత్తిన భయం రుద్దినాడు. ఉంటే ఉండనీ. ఎంతమంది మగవాళ్ళు చేయలేదు! "నాకు ఇంకొకతె ఉంది" అని మగాడిలాగా చెప్పుకుని ఉంటే నేను తిట్టి ఊరుకునేదాన్ని. నన్ను పిరికిదాన్ని చేసినాడు. అది కూడా సముద్రం దగ్గర!

ఆయన పోయిన తంతి నువ్వు చదివినప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మా అమ్మ వచ్చి వేరే సంబంధం చూస్తానన్నది. కాదన్నాను. మీ అమ్మకు పక్షవాతం వస్తే పదకొండేళ్ళు ఎత్తి కూర్చోబెట్టినాను. చేపల గంప మోసి నిన్ను టీచరు ట్రైనింగు చదివించినాను. ఆ గంపకు నా నడినెత్తిన వెంట్రుక మొలవలేదు, ఇప్పటికీ తడిమి చూసుకో. ఎందుకు మోసినాను? నా మొగుడు సముద్రం అవతల కష్టపడి పోయినాడు, ఆయన చెల్లెలు చదువుకోవాలని. ఇప్పుడు తెలిసింది, ఆడ ఆయన పడిన కష్టమేందో.

సమాధుల పండుగకు ఏటేటా అత్త సమాధి కడిగి సున్నం కొట్టి రెండు కొవ్వొత్తులు పెట్టేదాన్ని. ఒకటి ఆమెకు, ఒకటి ఈడ సమాధి లేని ఆయనకు. అత్త రాయి మీద ఆయన పేరు కూడా నేనే చెక్కించినాను, ఆ ఏడు ముక్కుపుడక అమ్మి. వచ్చే శనివారం రాళ్ళు చెక్కే ముత్యాలయ్య వస్తాడు. ఉలీ సుత్తీ తెచ్చుకోమన్నాను. ఆ పేరు ఆ రాయి మీద ఉండేదానికి లేదు. చెక్కేస్తాడు.

అడ్వాన్సు వెనక్కిమ్మని ఫేబీ ఫోన్ చేసింది. పదో తేదీ సోమవారం ఇస్తామన్నారు. యాడికీ పోను.

ఇంతమందిలో నాకు నిజం చెప్పిందానివి నువ్వొక్కదానివే. నా చేత్తో పెంచినదానివి, ఎట్టా అబద్ధమాడతావు?

చెప్పింది మగ్దలీనమ్మ. రాసింది ఫేబీ.


బుచ్చిరెడ్డిపాలెం
6-2-2025

వదినా,

పేరు చెక్కించవద్దు. మొదట ముత్యాలయ్యను ఆపించు, తరువాత మిగతాది చదివించుకో.

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. రెండిట్లోనూ అమ్మే చేయించిందని రాశాను. అది కూడా అబద్ధమే. అమ్మకు ఏమీ తెలియదు. ఆమెకూ చదువు రాదు కదా. ఆ ఇంట్లో అక్షరం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

1974 ఆగస్టులో అన్నయ్య రాశాడు. ప్రార్థన అయింది, మీరిద్దరూ చాప మీద కూర్చున్నారు. నేను దీపం దగ్గర చదువుతున్నాను. నడుమ వచ్చింది ఆ మాట. నిన్ను వచ్చే ఓడకు పంపమని, టికెట్టు కంపెనీ ఇస్తుందని. నా గొంతు ఆగింది. నువ్వు, "ఏమే, అక్షరం తెలీలేదా?" అని నవ్వావు. ఆ నవ్వేలోగా ఆలోచించాను. నువ్వు పోతే అమ్మను చూసుకునేది నేను. వంట నేను, గంప నేను. బడి మానిపిస్తారు. ఆ వాక్యాలు దాటేసి, "డబ్బు పంపుతున్నాను, అందరూ బాగుండండి" అని చదివాను.

జవాబులో ఏదో ఒకటి రాయాలి కదా. నువ్వు చెప్పినవన్నీ రాసి చివర నా అంతట నేను, "వదినకు సముద్రమంటే భయం, రానంటున్నది" అని కలిపాను. ఒక్కసారికి అనుకున్నాను. ఆయన మళ్ళీ రాశాడు, ఆమెకు ధైర్యం చెప్పమని. మళ్ళీ దాటేశాను. మూడోసారి కూడా. తరువాత ఆయన అడగలేదు. సెలవుకు రావడం కూడా మానేశాడు. నీకు గుర్తుందా, ఆ రెండేళ్ళూ నువ్వు ప్రతి జవాబులోనూ ఎప్పుడు వస్తావని అడగమనేదానివి. అది రాశాను. అది మాత్రం రాశాను.

అన్నయ్యకు అక్కడ ఎవరూ లేరు. ఉత్తరాలకు చెదలు పట్టలేదు. నా బీరువాలో ఉన్నాయి.

ముప్పై రెండేళ్ళు పిల్లలకు అక్షరాలు దిద్దించాను. ఏ వాక్యమూ దాటకుండా చదవమని ఎందరి చెవులో మెలిపెట్టాను. నిన్ను ఏమని క్షమాపణ అడగాలో తెలియడం లేదు.

కరుణాకుమారి


పాలెం
13-2-2025

కరుణాకుమారి టీచరుకు,

నీ ఉత్తరం శనివారం పన్నెండు గంటలకు వచ్చింది. ముత్యాలయ్య పదకొండుకే మొదలుపెట్టినాడు. ఫేబీ చెప్పు కూడా వేసుకోకుండా సమాధుల తోటకు పరిగెత్తుకొచ్చింది. మొదటి అక్షరం పోయింది. ఆయన పేరులో మొదటిది. నాకు చదువు రాకపోయినా రాయి మీద తెల్లటి గుంట కనపడుతుంది. ఆ గుంట పూడ్చేదానికి లేదంట. ఐదు రోజులు ఆలోచించింది నువ్వు, ఉలి దెబ్బ పడింది ఆయనకు.

ఫేబీ ఏడుస్తా చదివింది. నువ్వెందుకే ఏడ్చేది, చదువుకున్నదానివి, నోరు మూసుకుని చదువు అన్నాను. నేను ఏడవలేదు.

నా ఫిర్యాదు చెప్తున్నా. ఒక్క మాట మార్చకుండా రాయి ఫేబీ.

నువ్వు బడి మానాల్సి వస్తుందని భయపడినావు. సరే. పదహారేళ్ళ పిల్లవు. ఆ రోజు నా దగ్గరికి వచ్చి, "వదినా, అన్న నిన్ను రమ్మన్నాడు, నువ్వు పోతే నా చదువు పోతుంది" అని ఉంటే నేనేం చేసుండేదాన్నో నీకు తెలుసా? నాకే తెలీదు. పోయుండొచ్చు. పోకుండా ఉండొచ్చు. ఉండిపోయుంటే అది నేను నీకు ఇచ్చిందయ్యేది. నువ్వు నా చేత ఇప్పించుకోలేదు, నా ఒళ్ళో నుంచి ఎత్తుకుపోయినావు. ఆ తర్వాత నేను గంప మోసి ఇచ్చిన ప్రతి పైసా చెయ్యి చాపి తీసుకున్నావు.

పదహారేళ్ళప్పటి తప్పు నేను చూసీచూడకుండా పోదును. మొన్న జనవరి ఇరవై ఏడున నీకు పదహారేళ్ళు కాదు గదా! అరవై ఏడు. నన్ను మళ్ళీ అదే చాప మీద కూర్చోబెట్టి మళ్ళీ అదే చదువు చదివినావు. చెదలంట! మోకాళ్ళంట! వారం రోజులు చచ్చినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టించినావు నా చేత. ఆయన నా మాట కోసం కాచుకుని చచ్చినాడు, నేను ఆయనను లంజకొడుకన్నాను. ఇది ఎవరు కడుగుతారు?

వాక్యాలు రాయొద్దు నాకు. క్షమించమని కూడా రాయొద్దు. నేను క్షమించను. పాస్టరమ్మ వచ్చి క్షమించాలమ్మా అన్నది. నీ మొగుడు నీ పక్కలో పడుకోనుండాడు, పోయి వంట చేసుకోపోమ్మా అన్నాను.

ఆయన రమ్మన్న మూడు ఉత్తరాలూ పంపించు. జెరూసలేం డబ్బు నీ దగ్గరే ఉంచుకో. అడ్వాన్సు వెనక్కు తీసుకోలేదు. సోమవారం పొద్దున్నే సుశీల్ కుమార్‌కు ఫోన్ చేయించి వస్తున్నానని చెప్పినాను. "విమానంలో అయితే రెండు గంటలే అమ్మా, కొంచెం ఎక్కువ పడుతుంది అంతే" అన్నాడు. వద్దు నాయనా, ఓడే అన్నాను.

నువ్వు మాత్రం రావద్దు.

చెప్పింది మగ్దలీనమ్మ. రాసింది ఫేబీ, ఒక్క మాట మార్చలేదు.


బుచ్చిరెడ్డిపాలెం
18-2-2025

వదినా,

మూడు ఉత్తరాలూ రిజిస్టరు చేసి పంపుతున్నాను. నువ్వు తప్ప ఎవరూ విప్పకుండా కవరు అంటించాను. ఏ వాక్యం దగ్గర ఏముందో నేను ఇందులో రాయడం లేదు. రాసినా నువ్వు నమ్మవు, నమ్మకూడదు కూడా.

ఓడలో రాత్రిళ్ళు చలిగా ఉంటుందంటారు. దుప్పటి పెట్టుకో.

కరుణ


పోర్ట్‌బ్లెయిర్
12-3-2025

కరుణాకు,

ఈ ఉత్తరం రాస్తున్నది సమాధానంగారు. డెబ్బై దాటినాయి, అయినా నేను చెప్పినంతా రాస్తానని బైబిలు మీద చెయ్యేసి చెప్పినాడు. నేనే వేయించినాను.

మూడు రాత్రిళ్ళు ఓడలో. రెండో రోజు సముద్రం లేచింది. నా చుట్టూ ఉండే పడుచువాళ్ళంతా కవర్లలో కక్కుకున్నారు. నేను పైకి పోయి కమ్మీ పట్టుకుని నిలబడి నా కారప్పొడీ అన్నమూ తిన్నాను. ఒకడు, "లోపలికి రా అవ్వా, భయంగా లేదా?" అన్నాడు. వాడిని ఏమన్నానో సమాధానంగారు రాయనంటున్నాడు. చర్చి పెద్ద గదా.

దుప్పటి పెట్టుకోలేదు. నువ్వు చెప్పినావని.

సమాధి చిన్నది. పేరు ఈడ నిండుగా ఉంది, అన్ని అక్షరాలూ ఉండాయి. వేలితో తడిమి లెక్కపెట్టుకున్నాను. పక్కనే కూర్చుందామంటే మోకాళ్ళు వంగవు. అప్పుడు సమాధానంగారు ఇంటికి పోయి ఒక పీట ఎత్తుకొచ్చినాడు. జకరయ్య చేసిందంట. యాభై ఏళ్ళుగా వాళ్ళింట్లో పిల్లలంతా దాని మీదే కూర్చుని అన్నాలు తిన్నారంట. దాని మీద కూర్చున్నాను. చాలా పొట్టిది. ఇరవై మూడేళ్ళ ఆడదాని కొలతకు చేసినాడు. లేవలేకపోతే ఇద్దరు పట్టి లేపినారు.

ఆ పీట నా కోసమే చేసినాడని నాకెట్టా తెలుసంటావా? ఆయన రమ్మని రాసిన మొదటి ఉత్తరంలోనే ఉంది. అది నేను ఫేబీ చేత చదివించినాను. ఓడలో ముక్కూమొహం తెలియని ఒక నర్సమ్మ చేత చదివించినాను. ఈడ సమాధి కాడ సమాధానంగారి చేత చదివించినాను. ఒకరు చదివింది ఇంకొకరికి చెప్పలేదు. ఇంక నేను ఎవరి చేత ఏది చదివించుకున్నా ముగ్గురి చేత చదివించుకుంటాను, అది నువ్వు నాకు నేర్పిన చదువు.

ముగ్గురూ ఒకే మాట చదివినారు: "మగ్దలీనను వచ్చే ఓడకు పంపించండి. ఆమె కూర్చోడానికి పీట చేసి పెట్టినాను."

నేను వచ్చే వారం తిరిగి వస్తాను. నువ్వు మా ఇంటికి రావద్దు. నేను పోయినాక అత్త రాయి మీద నా పేరు చెక్కించే పని కూడా నువ్వు పెట్టుకోవద్దు. ఫేబీకి చెప్పినాను.

ఈ ఉత్తరం నీకు ఎవరో చదివితే వినే గతి లేదు. చెవులు పోతే ఏం, నీకు చదువొచ్చు. ప్రార్థన అయినాక కూర్చుని, ఏ వరసా దాటకుండా చదువుకో.

మగ్దలీనమ్మ వేలిముద్ర